నా పుస్తకం చదివిన మనిషి కోసం సిద్దిపేట దాకా

మా తెనాలి నుంచి నైజాముకు పోయేవాళ్ళు పెళ్ళికో, వ్యాజ్యానికో, చార్మినారు చూడటానికో పోతారు. నేను పోయింది ఒక మనిషి మంచితనం తగ్గించడానికి. తిరిగొచ్చి పదిహేను రోజులైనా నడుం నొప్పి తగ్గలేదు. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, ఒకేసారి రాసి పడేస్తున్నాను.

రెండేళ్ళ కిందట నేనొక చిన్న పుస్తకం వేశాను. హైస్కూల్లో చరిత్ర చెప్పేవాణ్ణి. గ్రీసులో, రోములో, మన దేశంలో పూర్వపు తత్వవేత్తలు చెప్పిన మాటల్లో ఈ కాలపు సంసారికి పనికొచ్చేవి ఏరి, కోపం వస్తే ఏం చెయ్యాలి, సొమ్ము పోతే ఏం చెయ్యాలి, అయినవాళ్ళు పోతే ఎలా తట్టుకోవాలి అని చిన్న చిన్న అధ్యాయాలు రాశాను. మొత్తం ముప్పై రెండు పేజీలు. కొన్ని ప్రతులు నైజాములోని పఠన మందిరాలకు కూడా పంపాను. ఎవరూ చదివిన జాడ లేదు. కిందటి నెల సిద్దిపేట నుంచి ఒక కార్డు వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు, గీత తప్పి కిందికి జారుతున్నాయి.

"అయ్యా, మీ పుస్తకం చదివి నా పెనిమిటి శానా మంచోడయిండు. గంత మంచితనం మా ఇంట్ల ఇమడతలేదు. మీరే వచ్చి తగ్గియ్యాలె. ఆలస్యం చేస్తె మేం ఉండం. ఇట్లు, భాగ్యవ్వ, మగ్గాల వాడ."

రెండు రోజులు ఆ కార్డును బల్ల సొరుగులో దాచిపెట్టాను. మూడో రోజు సెలవు చీటీ రాశాను.

బొగ్గు బస్సు

సికింద్రాబాదులో రైలు దిగి బస్సు దగ్గరికి వెళ్ళేసరికి ఎనిమిదైంది. పెట్రోలంతా యుద్ధానికి పోతోంది కాబట్టి ఈ బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. బస్సు వెనక ఇనప పీపా ఒకటి కట్టి, అందులో బొగ్గు రాజేసి, వచ్చిన గ్యాసుతో ఇంజను తిప్పుతారు. డ్రైవరు పొడుగాటి సాయిబు. పీపా మూత తీసి లోపల ఊచతో కెలుకుతున్నాడు.

"ఎప్పుడు బయల్దేరుతుందండీ?" అన్నాను.

"బొగ్గు అంటుకుంటె పోతం సాబ్."

"ఎప్పుడంటుకుంటుంది?"

"పోయేటప్పుడు," అన్నాడు. ఎగతాళి లేదు, ఉన్న సంగతే చెప్పాడు.

నా పుస్తకంలో రెండో అధ్యాయం గుర్తుచేసుకున్నాను. రోములో బానిసగా బతికిన ఒక తత్వవేత్త సిద్ధాంతం అది. లోకంలో కొన్ని మన చేతుల్లో ఉంటాయి, కొన్ని ఉండవు. ఉండనివాటి గురించి బాధపడటం మూర్ఖత్వం. బొగ్గు నా చేతుల్లో లేదు కదా అని మనసుకు చెప్పుకున్నాను. పది నిమిషాలు బాగానే పనిచేసింది. ఆ తర్వాత కూర్చోవడం, లేవడం, గడియారం చూడటం మొదలుపెట్టాను. పది గంటలకు బస్సు కదిలింది. శామీర్‌పేట దగ్గర ఎత్తు ఎక్కలేక ఆగింది. మగవాళ్ళమంతా దిగి తోశాం. మరోచోట మళ్ళీ తోశాం. మూడోసారి తోసేటప్పుడు పైన కట్టిన నా పరుపుచుట్ట కనిపించలేదు.

గ్రీసులో ఒక సంప్రదాయం వాళ్ళు మనిషి వీధికుక్కలా ఏమీ లేకుండా బతకాలన్నారు. నీళ్ళు తాగే చెంబు కూడా పారేసినవాడే స్వేచ్ఛాజీవి అన్నారు. నేనా మాట ఎంతో మెచ్చుకుంటూ రాశాను. ఇప్పుడు నా దుప్పటి, తలగడ, రెండు పంచెలు కలిసి నాకు ఆ స్వేచ్ఛ ప్రసాదించాయి. నేను మాత్రం గొంతు బొంగురుపోయేదాకా డ్రైవరుతో పోట్లాడాను. అతను బీడీ కాలుస్తూ విన్నాడు.

పక్క సీటు ముసలమ్మ ఒళ్ళో సీతాఫలాల గంప ఉంది. "అరుస్తె వస్తదా బిడ్డా? ఇగో, పండు తిను," అని ఒకటి చేతిలో పెట్టింది. తిన్నాను. చాలా తియ్యగా ఉంది. అది ఇంకా చిరాకు తెప్పించింది.

గజ్వేలు

ఇక్కడ చాయ్ దుకాణం ముందు గంట ఆపారు. మన అణా ఇస్తే దుకాణదారు వెలుతురులో తిప్పి చూసి, "గిది కల్దారు, మాకు హాలీ సిక్క ఇయ్యాలె," అన్నాడు. మన ఇంగ్లీషు డబ్బు వాళ్ళకు కల్దారు, నైజాము డబ్బు హాలీ సిక్క. మన డబ్బులు ఎక్కువ విలువైనవే, కానీ చాయ్ దగ్గర ఆ లెక్క ఎవరు చెయ్యాలి? సీతాఫలం ముసలమ్మే నా చాయ్ డబ్బు ఇచ్చేసింది. మా వైపు మనిషి పరాయి ఊళ్ళో చాయ్ ఇప్పించాలంటే ముందు కులగోత్రాలు అడుగుతాడు. ఆమె నా పేరైనా అడగలేదు.

సిద్దిపేట చేరేసరికి పొద్దు వాలింది. సత్రంలో అద్దె దుప్పటి దొరికింది. దాని గురించి రాయను.

మగ్గాల వాడ

పొద్దున్నే వాడలోకి వెళ్తే రెండు వైపులా మగ్గాల చప్పుడు. చప్పుడు లేని ఇల్లు ఒక్కటే ఉంది, అదే భాగ్యవ్వది. ఇక్కడి మగ్గాలకు నేలలో గుంట ఉంటుంది, నేతగాడు అందులోకి కాళ్ళు దింపుకుని కూర్చుంటాడు. వీళ్ళ గుంటలో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది.

భాగ్యవ్వ ముప్పై ఏళ్ళ మనిషి. చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను తలెత్తి చూసింది.

"గా పుస్తకం రాసింది మీరేనా పంతులు?"

"నేనేనమ్మా."

"కాళ్ళు కడుక్కోండి. బువ్వ తిన్నంక తిడ్త," అంది.

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే మరగాలి. ఇక్కడ చింతపండు నీళ్ళలో కాల్చిన మిరపకాయ, ఉల్లిపాయ పిసికి అలాగే పోస్తారు. మా ఇంట్లోవాళ్ళు చూస్తే పొయ్యి మీద పెట్టడం మరిచిపోయారంటారు. నేను మూడుసార్లు పోయించుకున్నాను. రొట్టే నీళ్ళూ ఉంటే మనిషికి చాలన్న పాత సుఖవాదులు పచ్చిపులుసు ఎరగరు.

ఆకు తీశాక ఆమె అన్నమాట ప్రకారం మొదలుపెట్టింది.

"ఆరు నెల్ల కింద, నూలు పంచే సావుకారి మా మగ్గం మూతపడ్డదని రాయించిండు. సర్కారిచ్చే మా నూలు చీటి బందయింది. మా పేరు మీది నూలు గాయనే అమ్ముకుంటుండు. వాడకంత ఎర్కే. ఈయన పోయి అడగాలె గదా? అడగడు. సావుకారి బుద్ధి నా చేతుల లేదు, నా మనసు నా చేతుల ఉన్నది అంటడు. మనసు తింటమా పంతులు?"

ఆ వాక్యం నాదే. తొమ్మిదో పేజీ.

"అర్జీ పెట్టుకోవచ్చు కదమ్మా?"

"రేపే ఆఖరు. రేపు పొద్దుమీకె దాక కచ్చేరిల అర్జీలు తీస్కుంటరు, గటెంక నూలిచ్చే మగ్గాల జాబితా మూసేస్తరు. గది తెల్సే ఈయన మిరుదొడ్డికి జొన్నకోత కూలికి పోయిండు. పోయి మూడొద్దులాయె."

ఆమె చేతులు బీడీ చుట్టడం ఆపలేదు. కాసేపటికి గొంతు తగ్గించి అంది.

"పోయిన సంవచ్చరం మా పిల్ల పోయింది. మూడేండ్లది. జరమొచ్చి నాలుగు దినాలల్ల. నేను గోడకు తల కొట్టుకుంటుంటె, ఆయన గా పుస్తకం పట్టుకోని కూసున్నడు. గదే ఆయన్ను నిలవెట్టింది, నేను కాదంటలే. ఆయన నాకు అచ్చరాలు నేర్పిండు, గా పుస్తకంలనే. గని ఒక్క చుక్క ఏడ్వలే పంతులు. గప్పటి సంది ఏది పోయినా గంతే. పిల్ల పోయినా గంతే, నూలు పోయినా గంతే. రేపు నేను పోయినా గంతేనా?"

పోయినదాన్ని పోగొట్టుకున్నామనుకోకూడదు, తిరిగి ఇచ్చేశామనుకోవాలి. పాత తత్వవేత్తల ఈ భావాన్ని నేను ఏడో అధ్యాయంలో రాశాను. ఒక ఆదివారం పొద్దున, కాఫీ తాగి, కిటికీ పక్కన కూర్చుని రాశాను. నాకు పిల్లలు లేరు. రాసేటప్పుడు వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు పైకి చదువుకున్నట్టు కూడా గుర్తు.

"బండి దొరుకుతుందా మిరుదొడ్డికి?" అన్నాను.

మిరుదొడ్డి

బండి దొరికింది గానీ ఎడ్లకు తొందర లేదు. దారంతా కంకరరాళ్ళు. భాగ్యవ్వ బండిలోనూ బీడీలు చుట్టింది. మిరుదొడ్డి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరి బయట జొన్నచేలో పదిమంది కూలీలు వంగి కోస్తున్నారు. వాళ్ళలో ఒక సన్నటి మనిషి కొడవలి పట్టిన తీరు చూడగానే తెలిసిపోయింది, అది నేతపని చేసిన చెయ్యి. కంకి కోసేటప్పుడు దారం తెంపుతున్నంత సుతారంగా కోస్తున్నాడు. అందుకే వెనకబడ్డాడు.

నేనెవరో భాగ్యవ్వ చెప్పగానే ఆమె భర్త అంబదాసు కొడవలి కింద పెట్టి నా కాళ్ళకు దండం పెట్టాడు. నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి నా పుస్తకం తీశాడు. అట్ట లేదు, అంచులు నూనె పట్టి నల్లబడ్డాయి. తన పుస్తకం అంతగా నలగడం ఏ రచయితకైనా సంతోషమే కావాలి. నేను చూపు తిప్పుకున్నాను.

చేను గట్టు మీద కూర్చున్నాం. సావుకారు చేసింది అన్యాయమని చెప్పాను.

"అన్యాయం ఆయనకే నష్టం, నాకు కాదు. పద్నాలుగో పేజీల ఉన్నది పంతులు," అన్నాడు చల్లగా నవ్వి.

ఇంట్లో తిండి లేదని చెప్పాను.

"కొంచెంల బతికేటోడు రాజుకన్న గొప్పోడు. ఇరవై రెండు."

"మీ ఆవిడ బాధపడుతోందయ్యా."

"బాధ సంగతులల్ల ఉండది, మనం అనుకునేదాంట్ల ఉంటది. ఆరో పేజీ."

నా మాటలు నాకే ఇంత ఒళ్ళు మండించిన రోజు మరొకటి లేదు. ఏ పేజీ తెరిచినా నేనే ఎదురుగా నిలబడి నన్ను ఓడిస్తున్నాను. భాగ్యవ్వ అటు తిరిగి కూర్చుంది. ఆరు నెలలుగా ఆమె ఈ సంభాషణే వింటోందని అర్థమైంది. చివరికి నేను పుస్తకం లాక్కున్నాను.

"అంబదాసూ, ఇందులో సగమే ఉంది," అన్నాను.

"ఏంది?"

"నేను రాసింది అరవై పేజీలు. యుద్ధం వల్ల కాగితం దొరకలేదు. ప్రెస్సాయన సగానికి తగ్గించమన్నాడు. ఓర్చుకోవడం గురించినవి ఉంచాను, అవి చదవడానికి బాగుంటాయని. చెయ్యాల్సిన పని గురించినవి తీసేశాను. ఆ బానిస తత్వవేత్త రెండు మాటలు చెప్పాడు. ఫలితం నీ చేతుల్లో లేదు, దాని గురించి ఏడవకు అన్నది ఒకటి. ప్రయత్నం నీ చేతుల్లోనే ఉంది, దాన్ని వదిలితే తప్పు నీదే అన్నది రెండోది. నువ్వు చీర నేస్తావు. అది అమ్ముడుపోవడం నీ చేతుల్లో లేదు. అలాగని సగం నేసి లేస్తావా?"

అతని ముఖంలో నవ్వు నెమ్మదిగా పోయింది.

"కాయితం లేకనా?" అన్నాడు.

"అవును."

"కాయితం లేక సగం మాట ఊర్లకు పంపిన్రా? దాన్ని నమ్ముకోని ఒకడు బత్కుతడని తోచలేదా మీకు?" గొంతు పెరిగింది. కోసేవాళ్ళు నడుములెత్తి ఇటు చూశారు. "అచ్చుల వచ్చిందంటె అంతా ఉన్నదనే గదా మేం చదివేది. లేదని ఒక్క ముక్కన్న రాస్తె ఏమాయె?"

ముప్పై మంది పిల్లలకు రోజూ సమాధానం పూర్తిగా రాయండని చెప్పే పంతుల్ని. తల వంచుకుని కూర్చున్నాను. అతను మట్టిపెళ్ళ ఒకటి తీసుకుని పొడి అయ్యేదాకా చేత్తో చిదిపాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు.

"అంతా మీ మీదికే తోసుడు కూడ తప్పే పంతులు. సావుకారి ముంగట నిలవడాలంటె నాకు భయం. మా నాయినకు గూడ భయమే. మీ పుస్తకం దొరికినంక గా భయానికి ఒక మంచి పేరు దొరికింది. గంతే."

భాగ్యవ్వ ఇటు తిరిగింది. "భయమైతె భయమని చెప్పొద్దా? ఇద్దరం పోతుంటిమి," అంది.

ఆ మాటకు అతను లేచి, కొడవలి మేస్త్రీకి అప్పజెప్పి వచ్చాడు.

కచేరీ అరుగు

అదే బండిలో రాత్రికి సిద్దిపేట చేరి, మర్నాడు పొద్దున్నే కచేరీకి వెళ్ళాం. అర్జీ ఉర్దూలో ఉండాలి. కచేరీ అరుగు మీద కలం, సిరాబుడ్డి ముందు పెట్టుకుని ఒక ముసలి మున్షీ కూర్చుంటాడు. తెల్లగడ్డం, కళ్ళజోడుకు దారం. అంబదాసు చెబుతుంటే ఆయన తెలుగులో విని ఉర్దూలో రాశాడు. మధ్యలో నేనెవరని అడిగాడు. తత్వశాస్త్రం మీద పుస్తకం రాశానన్నాను.

"అచ్ఛా, ఫల్సఫా," అన్నాడు. "మంచిదే సాబ్. నలబై ఏండ్లాయె నేనీడ కూసోబట్టి. నసీబు గిట్లుండె అని చెప్పెటోల్లు మస్తుమంది వస్తరు. నేను అందరికీ ఒక్కటే చెప్త, నసీబు సంగతి తర్వాత, ముందుగాల ఊరు పేరు చెప్పు."

తర్వాత అంబదాసును అడిగాడు. "ఇంట్ల ఎంతమంది?"

"ముగ్గురం," అన్నాడు అంబదాసు.

"ఇద్దరం," అంది భాగ్యవ్వ.

మున్షీ కలం ఆగింది. ఇద్దరినీ చూసి, రాసినదాన్ని ఒక గీత గీసి కొట్టేశాడు. అంబదాసు ఆ గీత వైపే చూస్తూ ఉండిపోయాడు.

లోపల గుమాస్తా అర్జీ ముట్టుకోలేదు. "మగ్గం మూతపడ్డదని కాయితంల ఉన్నది. రేపు రా," అన్నాడు. ఈ రోజే చివరి రోజు కదా అని నేను ముందుకు వెళ్ళి మాట్లాడబోయాను. మంచి వాక్యమే తయారు చేసుకున్నాను. "మీరెవరు? ఏ ఊరు? బైట ఉండండి," అన్నాడు. మూడు వందల మైళ్ళు ప్రయాణం చేసి, అన్ని మెట్లు ఎక్కి, మళ్ళీ మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాను. భాగ్యవ్వ అప్పటికే ఆ మెట్ల మీద చేట పెట్టుకుని కూర్చుంది.

తలుపులోంచి అంబదాసు వీపు కనిపిస్తోంది. అర్జీని మళ్ళీ గుమాస్తా ముందుకు జరిపాడు.

"మూతపడలే దొరా. నూలు లేక ఆగింది. వచ్చి చూడండి," అన్నాడు.

"రేపు రమ్మన్న గదా."

"ఇయ్యాల్నే ఆఖరు దినమంటిరి. తీస్కునేదాక నిలవడ్త."

నిలబడ్డాడు. గుమాస్తా భోజనానికి పోయి వచ్చాడు. ఇంకెవరివో నాలుగు అర్జీలు తీసుకున్నాడు. నేను మెట్ల మీద కూర్చుని లేచి, నడిచి, నీళ్ళు తాగి, మున్షీతో ఆ గుమాస్తా గురించి నానా మాటలూ అన్నాను. మున్షీ వింటూనే మరొకరి అర్జీ రాశాడు. నేను పుస్తకం రాసిన విద్యలో ఆ రోజు పరీక్ష పెడితే మా ముగ్గురిలోనూ నాకే సున్నా. నాలుగు గంటలప్పుడు లోపల ముద్ర పడిన చప్పుడు వినిపించింది. గుమాస్తాకు దయ కలిగిందో, ఎదురుగా మనిషి నిలబడి ఉండటం విసుగనిపించిందో తెలియదు.

అంబదాసు పేరు మళ్ళీ జాబితాలోకి ఎక్కిందనీ, వచ్చే నెల నుంచి నూలు ఇస్తామన్నారనీ ఈ మధ్యే ఉత్తరం వచ్చింది. సావుకారికి మాత్రం ఏమీ కాలేదట. ఆ సాయంత్రం మాకిదేమీ తెలియదు. చేతిలో ముద్ర వేసిన చిన్న రసీదు ముక్క ఒకటే ఉంది.

కోమటి చెరువు

ఇంటికి చెరువు గట్టు మీదుగా బయల్దేరాం. ఎండ తగ్గింది, నీళ్ళ మీద గాలి చల్లగా ఉంది. అంబదాసు ముందు నడుస్తున్నాడు. గుమాస్తా ఏమన్నాడో, తను ఏమన్నాడో మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ మధ్యలో మాట ఆపి, గట్టు మీద అలాగే చతికిలబడ్డాడు. రసీదు తడవకుండా దూరంగా పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. మొదట చప్పుడు లేకుండా, తర్వాత పెద్దగా. పిల్ల పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు నేను వినడం అప్పుడే.

నేను దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేయబోయాను. ఇలాంటి సమయానికి పనికొచ్చే మాటలు నాకు చాలా తెలుసు. నోటిదాకా ఒకటి వచ్చింది కూడా.

"ఏమనకండి పంతులు," అంది భాగ్యవ్వ. "ఏడ్వనియ్యండి."

ఆమె అతని చేతిలోంచి రసీదు తీసుకుని కొంగున ముడివేసుకుని, పక్కన కూర్చుంది. వాళ్ళకు వీపు తిప్పి, నేను కొంచెం దూరం పోయి నిలబడ్డాను. బట్టలు ఉతుక్కునేవాళ్ళు మూటలు కట్టుకుని వెళ్ళిపోయారు. గేదెలు నీళ్ళలోంచి లేచి వెళ్ళాయి. అతను చాలాసేపు ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చిందనుకుంటాను, తిరిగి చూడలేదు.

తర్వాత అడుగుల చప్పుడు వినిపించి తిరిగాను. ఇద్దరూ లేచి వస్తున్నారు. అంబదాసు కండువాతో ముఖం తుడుచుకుని, చెరువు వైపు ఒకసారి చూసి, భార్యతో అన్నాడు.

"ఆకలైతుందే."

పిల్ల పోయాక అతని నోట ఆ మాట వినడం అదే మొదటిసారని, ఏది పెడితే అది తిని లేచేవాడని, తర్వాత ఆమె నాకు చెప్పింది. అప్పుడు మాత్రం చేట చంకలో పెట్టుకుని, మా ఇద్దరికంటే ముందుకు పోయి, ఇంటి వైపు గబగబా నడిచింది.